బలసముద్రంలో హనుమంతు ఇంటి మెట్లు

పావగడ వెళ్ళొచ్చానంటే బెంగళూరులో అందరూ అడిగే మొదటి మాట, "సోలార్ పార్కు చూశావా?" అని. చూశాను. చూడకుండా ఉండటానికి వీల్లేదు, ఎటు మెడ తిప్పినా అదే. కానీ నేను వెళ్ళింది దానికోసం కాదు. మాతో పనిచేసే హనుమంతుని చెవి పట్టుకుని లాక్కొద్దామని వెళ్ళాను. లాక్కురాలేకపోయాను. నవ్వుకుంటూ బయల్దేరిన ప్రయాణమే. తిరిగొచ్చి ఇన్నాళ్ళైనా గుండెల్లో బరువు దిగడం లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. లేకపోతే మెట్ల గురించి ఈవిడకింత గోల ఏమిటని విసుక్కుంటారు. మాది చీమకుర్తి. పెళ్ళైన కొత్తలో ట్రాక్టరు బోల్తాపడి నడుం కింద స్పర్శ పోయింది. అప్పట్నుంచీ చక్రాల కుర్చీ. బ్రేకూ యాక్సిలేటరూ చేత్తోనే నొక్కేలా మార్పించుకున్న కారొకటి ఉంది, దాంతో ఎక్కడికైనా ఒక్కదాన్నే పోతాను. బెంగళూరులో మాలాంటివాళ్ళం కొందరం కలిసి బస్టాపులూ ఫుట్‌పాత్‌లూ ఆఫీసు గుమ్మాలూ ఎలా ఉండాలో గీస్తాం. కట్టాక మా ఒళ్ళతోనే పరీక్షించి చూస్తాం.

మాలో హనుమంతుది ప్రత్యేకమైన తీరు. చిన్నప్పటి పోలియోతో రెండు కాళ్ళూ పనిచెయ్యవు. కుర్చీ ఇప్పిస్తామంటే వద్దన్నాడు. బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని, చేతుల్తో నేలను తోసుకుంటూ దూసుకుపోతాడు. మేం గర్వంగా కట్టించుకున్న మొదటి ర్యాంపు మీద రెండు బారలు ఎక్కి ఆగిపోయాడు. "అక్కా, ఇది కుర్చీలోళ్ళకి కట్టినారు. ఈ అడ్డగీతల్లో నా బేరింగులు ఇరుక్కుంటాండాయి" అన్నాడు. జారకుండా వేసిన గీతలు అవి. వాటిని ఏటవాలుగా మార్పించిందీ, బస్టాపులో నేలమీద కూర్చున్నవాడికి కూడా అందేలా పట్టుకమ్మీ పెట్టించిందీ అతనే. అతని చెక్క ఎక్కి దిగకుండా మేం ఏదీ ఖాయం చెయ్యం.

అలాంటివాడు అన్న గృహప్రవేశానికని ఊరెళ్ళి, మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే "వస్తా, వస్తా" అంటాడు. కొత్త బస్టాండు పని మొదలవుతోంది, అతను లేకుండా ఎలా? ఇక లాభం లేదని కారు తీశాను.

మధుగిరి దాటాక

మధుగిరి దాటాక రాళ్ళగుట్టలు దగ్గరకొచ్చేస్తాయి. బోర్డులన్నీ కన్నడంలోనే ఉంటాయి గానీ, టీ బంకు దగ్గర అద్దం దించితే చెవిన పడేది మాత్రం తెలుగు. నేను దిగడం లేదని చూసి బంకాయన టీ కారు దగ్గరికే తెచ్చిచ్చాడు. పది రూపాయలకి బెల్లం టీ, వేయించిన చెనిక్కాయలు గుప్పెడు ఊరికే. మా వైపు వేరుశనక్కాయలంటాం. ఇక్కడ ఆ మాటంటే నన్ను ఎగాదిగా చూశాడు.

"కాళ్ళకి ఏమాయెమ్మా?" అని కూడా అడిగేశాడు. బెంగళూరులో ఎవరూ ఇలా అడగరు. చూడనట్టు నటిస్తారు. నాకైతే ఈ అడగడమే మేలనిపిస్తుంది. చెప్పాను. "అయ్యో పాపం" అని ఊరుకోకుండా, చేత్తో నడిపే ఆ కమ్మీ ఎలా పనిచేస్తుందో కిటికీలోంచి తొంగి చూసి, వాళ్ళ బావమరిదికి పనికొస్తుందేమోనని ఫోటో తీసుకున్నాడు.

పావగడ లాడ్జి

పావగడలో శనిమహాత్ముడి గుడి ఉంది. దూరదూరాల నుంచి జనం వస్తారు. లాడ్జి గుమాస్తా నా కుర్చీని చూడగానే మొహం జాలిగా పెట్టి, "శనివారం కాదు కదమ్మా ఈపొద్దు, ముందే వచ్చేసినారే" అన్నాడు.

"శని నన్ను వదిలి చాలా కాలమైందయ్యా. స్నేహితుణ్ణి చూడ్డానికొచ్చాను. కింద గది ఉందా?" అన్నాను.

ఉంది. గదిలోకి కుర్చీ పట్టింది గానీ స్నానాల గది తలుపులో పట్టలేదు. ఎప్పుడూ ఉండే భాగోతమే. ప్లాస్టిక్ స్టూలు తెప్పించుకుని, దాని మీదికి జరిగి, దాన్ని ఈడ్చుకుంటూ ఎలాగో తంటాలు పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది. ఆ పూట తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

బలసముద్రం

మర్నాడు పొద్దున్నే బలసముద్రం. దారి పొడుగునా రెండు వైపులా ఇనప కంచె, కంచె వెనక వరసలు వరసలుగా సోలారు పలకలు. మధ్యమధ్య గేట్లలోంచి లోపలి రోడ్లు కనిపిస్తాయి. ఎంత చదునుగా ఉన్నాయో! నా కుర్చీకి, హనుమంతు చెక్కకి దేవుడు వేసినట్టున్నాయి. ప్రతి గేటుకీ తాళం, పక్కన కాపలా. ఊళ్ళోకి తిరగ్గానే మళ్ళీ గుంతలు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కొత్తగా కట్టిన ఇళ్ళన్నీ ఎత్తుమీదే ఉన్నాయి, వాటిలో ఇంకాస్త ఎత్తుగా ఉన్నది హనుమంతు వాళ్ళ అన్న నాగరాజుది. కుర్చీలో కూర్చుంటే ఇంటి అరుగు నా తలకంటే పైనుంది. మెట్లకి నల్లరాయి పరిచారు, మొహం కనబడేంత నున్నగా. ఆ రాయిని ఎక్కడున్నా గుర్తుపడతాను. మా చీమకుర్తిదే.

"అక్కా!" అని పైనుంచి కేక. అరుగు మీద తన చెక్కపై కూర్చుని హనుమంతు. నవ్వుతున్నాడు. చిక్కిపోయాడు.

"దిగు కిందికి" అన్నాను.

"నువ్వే ఎక్కి రా" అన్నాడు.

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఊరి బస్టాపులన్నీ మార్చేస్తామని తిరిగే మనుషులం, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకోలేకపోయాం.

మామూలుగా అయితే మెట్లు దిగడం హనుమంతుకి లెక్క కాదు, చేతుల మీద జారుతూ దిగేవాడు. ఇన్నేళ్ళు నేలను తోసీ తోసీ కుడి భుజం పాడైంది. బరువు మోపొద్దన్నారట డాక్టర్లు. గడప దాటి అరుగు మీదికి రావడానికే పళ్ళు బిగపడుతున్నాడు. ఇక మెట్ల సంగతి చెప్పేదేముంది?

అలా ఆ రోజంతా అతను పైన, నేను వీధిలో. మా మాటలు వీధి వీధంతా విన్నది. ఎదురింటి నీడన ఇద్దరు ఆడవాళ్ళు పీక్కొచ్చిన మొక్కల నుంచి చెనిక్కాయలు తెంపుతూ, మా సంభాషణకి తలలు ఊపుతూ కూర్చున్నారు. మధ్యాహ్నం హనుమంతు అరుగు స్తంభానికి కట్టిన తాడు వదిలితే, చిన్న గిలక మీదుగా వెదురుబుట్ట దిగింది. అందులో రాగిముద్ద, ఉప్పుసారనే పల్చటి చారు, చెనిక్కాయల పొడి. కూరగాయల బండి వచ్చినప్పుడు సరుకులు తీసుకోవడానికి తనే ఏర్పాటు చేసుకున్నాడట.

"ముద్దని నమలాకు, మింగాల" అని పైనుంచి హెచ్చరిక. మా వైపు సంగటి ఇంత గట్టిగా చెయ్యరు. నమిలాను. ఎదురింటి ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఎవరు చేశారు?"

"అన్న. తెల్లారేసరికి ముద్ద కెలికిపెట్టి ప్లాంటుకి పోతాడు, పలకలు కడిగేదానికి. వదినని మంచం దిగొద్దన్నారు. ఆరో నెల."

కిటికీలోంచి వరలక్ష్మి చెయ్యి ఊపింది. సన్నటి మనిషి, పెద్ద కళ్ళు. "మీ గురించి ఎప్పుడూ చెప్తాంటాడక్కా" అంది. ఆమెకి ముందు రెండుసార్లు కడుపు నిలవలేదని తర్వాత తెలిసింది.

సాయంత్రం నాగరాజు వచ్చాడు. రాగానే, "అదేంది, వీధిలో కూసోబెట్టినారు! ఎత్తుకొని పోతా రాక్కా లోపలికి" అని రెండు చేతులూ చాచాడు. మంచివాడే. కానీ నన్ను బస్తాలా ఎత్తుకుంటానంటే నాకు ఒళ్ళు మండుతుంది. వద్దన్నాను, కాస్త గట్టిగానే.

"ఇంత ఎత్తు ఎందుకు కట్టావయ్యా, తమ్ముడి సంగతి తెలిసీ?"

అతని మొహం చిన్నబోయింది. "రోడ్డు ఏసిన ప్రతితూరీ ఎత్తు చేస్తాండారక్కా. పాతింట్లోకి వాననీళ్ళు వస్తాండె, వీని పక్కబట్టలే ముందు తడుస్తాండె. వానికోసరమే ఎత్తు లేపినా. చూడు లోపల, వానికి వేరే రూము, బాత్రూము, నున్నటి టైల్సు. చెక్క జర్రున పోతాది."

అబద్ధం కాదు. సోలారుకి భూమి కౌలుకిచ్చి, ఆ డబ్బుతో ముందు ఆలోచించింది తమ్ముడి గురించే. ఇంట్లో ప్రతి గదిలో చెక్క తిరుగుతుంది. ఇంట్లోంచి బయటికి రావడం ఒక్కటే ఎవరికీ తట్టలేదు. ఈ ఊళ్ళో ప్రేమంటే ఎత్తు పెంచడమే మరి, ఎవర్నని ఏం లాభం!

ర్యాంపు సంగతి ఎత్తాను. అరుగు పక్క పిట్టగోడ కొంత పగలగొట్టి, గోడ వెంబడి వాలుగా దించి, గడప కాస్త కొయ్యాలి. నాగరాజు రెండు చేతులూ జోడించాడు.

"పాతింట్లో మా నాయిన గడప కోసినాడక్కా, వీడు పాకేదానికని. ఆ యేడే బోరు ఎండిపోయె. మరుసటేడు నాయిన పోయినాడు. ఇప్పుడు ఇంట్లో కడుపుతో ఉండే మనిషి ఉండాది. గోడ ముట్టుకోకూడదు, గడప ముట్టుకోకూడదు. కాన్పు కానీ. అయినాక నువ్వు ఎట్ల చెప్తే అట్ల."

మా వైపూ కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే పునాది తవ్వరు. నాకు తెలియని మాట కాదు. అయినా కోపం వచ్చింది. అన్ని నెలలు మనిషి పైనే ఉండిపోవాలా?

వై.ఎన్.హొసకోట

గోడ ముట్టుకోకుండా, తీసి పెట్టుకునే ఇనప ర్యాంపు చేయిద్దామని మర్నాడు పొద్దున్నే హొసకోట వెళ్ళాను. బజారు కళకళలాడుతోంది. చెనిక్కాయల బస్తాలు, ఆటోలు, స్కూలు పిల్లలు. ఇరవై రూపాయలకి చిత్రాన్నం తిన్నాను. మన పులిహోరకి దూరపు చుట్టం, చింతపండుకి బదులు నిమ్మకాయ, పైన చెనిక్కాయల పొడి. బాగుంది. రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

వెల్డింగు షాపాయన నేను చెప్పిన ఎత్తు విని, సుద్దముక్కతో నేలమీద గీసి చూపించాడు. "చెక్క ఎక్కేటట్ల వాలు పెడితే, మీ దోవ వీధి దాటి ఎదురింటోళ్ళ వంటింట్లోకి పోతాదమ్మా. పొట్టిగా చేస్తే ఆ మనిషి జారి అదే వంటింట్లో పడతాడు."

నాకూ ఆ లెక్క తెలుసు. తెలిసీ వెళ్ళాను. ఎవరైనా కాదంటే బాగుండునన్న ఆశ. గోడ పక్కనుంచి దించడం తప్ప మరో దారి లేదు.

మళ్ళీ బలసముద్రం

"అయితే కార్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిపోతాను. మీ అన్న ఒక్కసారి దింపితే చాలు" అన్నాను, వీధిలోంచి మెడ ఎత్తి.

హనుమంతు తల అడ్డంగా ఊపాడు. "నేను పోతే పగలు వదిన కాడ ఎవురుంటారు? అన్న ప్లాంటులో ఉంటాడు, ఊరంతా చేన్లలో ఉంటాది. నేను పైన ఉంటే పిలిస్తే పలుకుతా, నీళ్ళిస్తా, ఫోను చేస్తా. ఒక్కతూరి కిందికి దిగితినా, మళ్ళా ఎక్కించేటోళ్ళు యాడ దొరుకుతారక్కా? ఆయమ్మ లోపల అరుస్తాంటే వీధిలో కూసోని నేనేం చేసేది?"

"అందుకేగా ర్యాంపు! ఉంటే దిగుతావు, ఎక్కుతావు. మీ అన్నతో ఇంకోసారి మాట్లాడతాను."

"మాట్లాడొద్దు. రాత్రి నువ్వు పోయినాక అన్న ఒక తూరి సరే అన్నాడు కూడా. నేనే వద్దని చెప్పినా."

"నువ్వే వద్దన్నావా?"

"రెండుతూర్లు పోయిందక్కా ఆయమ్మకి. ఇప్పుడు నాకోసరం గోడ పగలగొట్టి, రేపు ఏమన్నా అయితే? ఎవురూ నన్ను ఏమీ అనరు. అన్న అస్సలు అనడు. నేనే అనుకుంటా. బతికినన్నాళ్ళు అనుకుంటా. దానికంటే ఈడ కూసోవడం సులువు."

"ఇవన్నీ నమ్ముతావా నువ్వు?"

"నేను నమ్మేది కాదు. వాళ్ళు నమ్ముతారు. వాళ్ళని భయపెట్టి నేను వీధిలో తిరగాల్నా?"

ఇంజనీర్లతో, కార్పొరేషన్ వాళ్ళతో గంటలకొద్దీ వాదించేదాన్ని నేను. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఎండ వంక పెట్టి తుడుచుకున్నాను.

అప్పుడే లోపల్నుంచి వరలక్ష్మి పిలిచింది. "హనుమంతూ" అని, మెల్లగా. హనుమంతు చెక్క తిప్పుకుని, గడప మీద భుజం పట్టేస్తే కుయ్యిమని, దాటి లోపలికి పోయాడు. కాసేపటికి మళ్ళీ గడప దాకా వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, రక్తం పోతాంది. మనుషుల్ని పిలువు!"

వీధిలో ఎవరూ లేరు. ఎదురింటి ఆడవాళ్ళు కూడా ఆ పూట చేనికి పోయారు. నేను మెట్ల దగ్గరికి పోయి, మొదటి మెట్టు మీద చేతులు వేసి, ఎక్కుదామని చూశాను కూడా. నున్నటి రాయి, చేతులు జారిపోయాయి. కుర్చీ తిప్పుకుని కారు దగ్గరికొచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ నొక్కి పట్టుకున్నాను. అలా నొక్కుతూనే ఉన్నాను. పైన హనుమంతు అన్నకి ఫోన్ చేస్తూ, మధ్యమధ్య లోపలికి "ఉండాము వదినా, ఈడనే ఉండాము" అని అరుస్తున్నాడు.

హారన్ విని చేనిగట్టు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు, నిన్న నన్ను చూసి నవ్వినవాళ్ళే. వరలక్ష్మిని చేతుల మీద దింపారు. వెనక సీట్లో పడుకోబెట్టి, ఒకామె తల ఒళ్ళో పెట్టుకుంది. రెండో ఆమె నన్ను కార్లోకి జరిపి, కుర్చీ మడిచి పక్క సీట్లో పడేసింది.

"వాడొక్కడూ..." అంది వరలక్ష్మి, పైకి చూస్తూ.

"నన్నొదిలేయండి, పోండి!" అని హనుమంతు కేక. నేను వెనక్కి చూడలేదు.

పావగడ ఆస్పత్రి

నాగరాజు మాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడున్నాడు, ప్లాంటు యూనిఫారంలోనే, చెప్పులు లేకుండా. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. డాక్టరమ్మ నాగరాజు భుజం మీద చెయ్యి వేసి, గంట ముందొచ్చినా జరిగేది ఇదేనని, ఎవరి తప్పూ లేదని కన్నడంలో చెప్పింది. అతను తల ఊపాడు. విన్నాడో లేదో తెలియదు. వరలక్ష్మికి ప్రాణాపాయం లేదు.

"వానికి చెప్పాలక్కా. ఫోన్లో నేను చెప్పలేను" అన్నాడు నాగరాజు.

ఎదురింటామెని వెంటబెట్టుకుని మళ్ళీ బలసముద్రం వెళ్ళాను. పొద్దు వాలుతోంది, పన్ల నుంచి జనం తిరిగొస్తున్నారు. హనుమంతు అరుగు అంచున అలాగే ఉన్నాడు. ఇలాంటి మాట చెప్పేటప్పుడు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, చెవిలో చెప్పాలి. నేను వీధిలో నిలబెట్టిన కుర్చీలోంచి, మెడ ఎత్తి, గొంతెత్తి చెప్పాను. ఊరంతా విన్నది. అతనితో పాటు, అదే క్షణంలో.

ఎదురింటామె మెట్లెక్కి అతని పక్కన కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. అతను ఏడుస్తుంటే కింద నుంచి చూస్తూ ఉన్నాను. అంత ఏడుపు నా జీవితంలో నా కాళ్ళ కోసం కూడా నేను ఏడవలేదు.

నిడుగల్లు

వరలక్ష్మి పుట్టిల్లు నిడుగల్లు. ఆస్పత్రి నుంచి పంపించాక ఆమెనీ నాగరాజునీ నా కార్లోనే అక్కడ దింపాను. పైన కొండ మీద పాత కోట గోడలు, కింద మేకల మంద, ఆరబోసిన చెనిక్కాయలు. కోట చూసిరమ్మని దారిలో ఎవరో అన్నారు. కోట ఎక్కే కాళ్ళూ లేవు, ఓపికా లేదు.

అది పాత పెంకుటిల్లు. వాకిలి నేలకి సమానంగా ఉంది, గడప అరిగి పల్చగా అయింది. నేను ఎవరినీ అడక్కుండా, ఎవరూ ఎత్తకుండా, కుర్చీ తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ మూడునాలుగు రోజుల్లో నేను కాలుపెట్టిన మొదటి ఇల్లు. వరలక్ష్మి మంచం పక్కన చేరి, ఆమె చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వాళ్ళమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, గోడకానుకుని కూర్చుంది.

నాగరాజు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. నా చక్రాల వంక, గడప వంక, మళ్ళీ చక్రాల వంక. నేను వెళ్ళొస్తానని బయటికొచ్చాక కారు దాకా నాతో నడిచాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"కొలతలు చెప్పక్కా" అన్నాడు. "ర్యాంపుకి. రేపే మేస్త్రీని పిలుస్తా. గోడ తీసేస్తాం, గడపా కోస్తాం. ఇంక ఇంట్లో అడ్డం ఏమీ లేదు కదా."

ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో ఆ ఒక్క మాట కోసం. సరే, కట్టుకోండి అనే మాట కోసం. అది ఇలా దొరుకుతుందని తెలిస్తే ఎప్పుడూ అడిగుండేదాన్ని కాదు. కొలతలు చెప్పాను. అతను ఒక్కటి కూడా తప్పు పోకుండా అన్నీ నాకు తిరిగి అప్పజెప్పాడు.